ఇరవై గ్రాములు

యాభై అయిదు దాకా ఏం లేదు,
బండి నా మాట వింటది.
అరవై కాడికి రాంగనే
హ్యాండిల్‌ల తేనెటీగలు లేస్తయి.
డెబ్బై దాటితే మల్ల సల్లబడతయట.
అంత ఉరికించే ధైర్యం నాకేది,
నర్సంపేట రోడ్డు మీద, తెల్లారకముందే,
ముంగట మిర్చి బస్తాల డీసీఎంలు ఊగుకుంట పోతుంటే.

మొదలు నా చేతులనే అనుమానించిన.
ఎనుమాముల యార్డుల ఇరవై రెండేండ్ల దడ్వాయిని,
కాంటాలు పట్టీ పట్టీ నరాలు అరిగినయనుకున్న.
ఎంజీఎంల డాక్టరు వేళ్లు గుంజి చూసిండు,
చిన్న సుత్తెతోని మోకాలు మీద కొట్టిండు,
షుగర్ పరీక్ష రాసిండు.
షుగర్ లేదు.
బండి దిగినంక పావుగంట దాకా
చాయ్ గిలాసల అలలు మాత్రం ఉన్నయి.

నీలవ్వ ఒక్కతే అడిగింది,
చాటల బియ్యం చెరుగుకుంట, తలెత్తకుండ:
"మరి యార్డు బందున్న దినం
నీ చేతులెందుకు వణకయి?"

యాకయ్య షెడ్డు మిల్స్ కాలనీ ఎనక.
వాళ్ల నాయిన ఆజంజాహి మిల్లుల కదుర్ల ఫిట్టరు.
మిల్లు మూసిన్నాడు ఇంటికి తెచ్చుకున్నది
ఒక ఉక్కు కడ్డీ, రెండు బేరింగులు,
కొడుక్కిచ్చిపోయిన ఒక చెవి.

ఏమైందని అడగలే యాకయ్య.
"ఎంత స్పీడుల?" అన్నడు.
"చేతులల్లనా, సీటు కిందనా?"
చేతులల్ల.
"అయితే ముంగటి చక్రం."

ముప్పై ఆరు స్పోకులను పానాతోని తట్టుకుంట పోయిండు.
అన్నీ టింగుమన్నయి, ఒక్కటి మొద్దుగ పలికింది.
దాన్ని పావు చుట్టు బిగించి
"ఇది కాదు" అన్నడు.
బేరింగుల వేలు పెట్టి, కండ్లు మూసుకొని తిప్పి
"ఇది కూడ కాదు."
నాకు ఎంజీఎం యాదికొచ్చింది.
ఈయన మాత్రం ఏ పరీక్షా రాయలే.

రెండు ఇనుప కుర్చీలు ఎదురుబొదురు ఏసి
నడుమ నాయిన కడ్డీ, కడ్డీకి చక్రం.
చిటికెన వేలుతోని కదిలిచ్చి ఇడిసిండు.
తిరిగింది. తొందరేం లేదు దానికి.
ఆగినట్టే ఆగి, ఎనకకు ఊగి,
ఊగి,
నిలబడ్డది.
కింది అంచుకు సాక్‌పీసుతోని గీత పెట్టిండు.
మల్ల తిప్పితే మల్ల ఆ గీతే కిందికి.
మూడోసారి నేను తిప్పిన, జర గట్టిగ,
బేరమాడినట్టు.
గీత నింపాదిగ కిందికే వచ్చింది.

"బరువు అబద్ధమాడది," అన్నడు యాకయ్య.
చెప్పుల కెళ్లి చూసుకుంట ఊకున్న.

టైరు ఇప్పితే లోపట అరచెయ్యంత అతుకు.
ఎండకాలం గీసుగొండ కాడ మొల దిగితే
పాత ట్యూబు కోసి ఏసిచ్చుకున్నదే.
ఇరవై రూపాయలు తగ్గించమని కొట్లాడిన పోరని మొఖం
అప్పుడు యాదికొచ్చింది.
పీకుతడేమో అనుకున్న.
"ఉండనీ. దాని పని అది చేస్తుంది.
అవతలి దిక్కు జవాబు పెడదాం."

అయిదేసి గ్రాముల సీసం బిళ్లలు.
ఒకటి పెడితే చక్రం లెక్కచెయ్యలే.
రెండిటికి బద్ధకంగ కదిలింది.
మూడు. నాలుగు.
ఇప్పుడు ఏడ ఇడిస్తే ఆడ,
గీత మీదున్నా, పక్కకున్నా,
ఎవల దిక్కూ మొగ్గకుండ ఆగింది.

నూరు కిలోల బస్తాలు లెక్కవెట్టే మనిషిని.
ఇరవై గ్రాములంటే
దోసిట్ల పట్టే మిరపకాయలు.
అవి అరవై స్పీడుల సుత్తెలైతయని
నాకెవలు చెప్పిండ్రు?

వాపస్ పొయ్యేటప్పుడు
అరవై కొట్టిన, అరవై అయిదు కొట్టిన.
అద్దంల ఎనకటి రోడ్డు
మొదటిసారి ఒక్క రోడ్డు లెక్క కనవడ్డది.

సోమారం, ఏడో నంబరు షెడ్డు.
తాలు కాయ లేని ఎర్రటి తేజ మిర్చి.
కాంటా మీద నలభై రెండున్నర.
సేటు నా దిక్కు చూసి గదువ గోక్కున్నడు.
అది మాకు ఎరుకున్న భాష.
చీటీల నలభై ఒకటిన్నర రాయాలె.

పెన్ను పట్టిన.
బండి లేదు, రోడ్డు లేదు,
వేళ్లల్ల తేనెటీగలు.

"గట్ల వణుకుతున్నయేందే దడ్వాయి, చేతులు?"
బస్తా కుట్టుకుంట అడిగిండు రైతు.

"బండి," అన్న.
"ముంగటి చక్రం."