ముద్ర లేని చోట

కటకం కంటికి తగిలించుకుంటే
ప్రపంచం గోరంత అవుతుంది.
నలభై ఒక్క ఏళ్ళుగా నా లోకం అంతే:
బర్మింగ్‌హామ్‌లో, వైజ్ వీధిలో,
మసిబారిన కిటికీ కింద ఒక బల్ల,
రాలిన పొడిని ఒడిసిపట్టడానికి
బల్లకి వేలాడే తోలు ఒడి.

మంగళవారం. వాన.
మ్యూరియెల్ టోంక్స్ అట, పేరు.
చేతిరుమాలు ముడి విప్పి
ఉంగరం బల్ల మీద పెట్టింది.
"అమ్మది. ముప్పై నాలుగులో పెళ్ళి.
ఇరవై రెండు క్యారెట్లు.
నాన్నే చేశాడు, మీ వెనక సందులో పనిచేసేవాడు.
నా వేలికి కాస్త వదులు చేయండి."

వదులు చేయడమంటే కోయడమే.
కోసేముందు చదవాలి.
ఉంగరం లోపలి గోడ మీద ఒక వాక్యం ఉంటుంది,
క్రియ లేని వాక్యం:
ఎవరి చెయ్యి, ఎంత మేలిమి,
ఏ ఊరి పరీక్ష, ఏ ఏడు.

మా ఊరి గుర్తు లంగరు.
సముద్రం కనుచూపు మేర లేని ఊరికి లంగరేమిటంటే
ఏదో సారాయి కొట్టు పేరు కథ చెబుతారు,
నమ్మితే నమ్మొచ్చు.
ఇక్కడ లంగరు ఉంది.
సబ్బూ, సోడా, యాభై ఏళ్ళ అంట్లూ కలిసి
దాని కొక్కేల్లో ఒకదాన్ని తినేశాయి.
పక్కన తొమ్మిది.
ఆ పక్కన చుక్క, మూడు, ఏడు, అయిదు.
వెయ్యి పాళ్ళలో మూడు వందల డెబ్బై అయిదే బంగారం.
మిగతాది వెండి, రాగి, ఊరుకోవడం.

ఇంకొకటి కూడా ఉంది, రెండు వంపు గీతలు.
అది యుద్ధం గుర్తు.
బంగారం కరువైన రోజుల్లో
సర్కారు తూచి కొట్టించిన
పలచటి పెళ్ళి ఉంగరాలకే వేసేవారు.
ముప్పై నాలుగుకి
ఆ ముద్ర పుట్టనే లేదు.

ముద్ర చదవడం నాకు నేర్పారు.
చదివింది పైకి ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు.
కటకం తీసి ఆవిడ చేతిలో పెట్టాను.
కెటిల్ మరిగి మరిగి
దానంతటదే ఆగిపోయింది.

"నాలుగేళ్ళప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది, డిఫ్తీరియా.
డాక్టరు రెండుసార్లు వచ్చాడు.
అప్పట్లో డాక్టరు గడప తొక్కితే డబ్బే.
నాన్న ఎడారిలో ఉన్నాడు,
ఉత్తరం విప్పితే ఇసుక రాలేది.
ఆ చలికాలమంతా అమ్మ
ఇంట్లో కూడా ఎడమ చేతికి తొడుగు తియ్యలేదు.
చలికి వేళ్ళు పగిలాయనేది."

తర్వాత, కిటికీ వైపు చూస్తూ,
"రంగులో తేడా తెలుస్తుందా?"

తెలుస్తుంది.
ఇరవై రెండంటే గుడ్డుసొన.
తొమ్మిదంటే నీళ్ళ టీ.

"చేసినవాడికి?"

గది అవతలి నుంచి.
దీపం లేకపోయినా.

నవ్విందనే అనుకున్నాను.
"నలభై ఆరులో వచ్చాడు.
రైలు దిగి మొదట అమ్మ చెయ్యే పట్టుకున్నాడు.
ముప్పై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్నారు.
ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.
నాకు మాత్రం ఇద్దరూ చెప్పేవారు,
ఇరవై రెండని."

మెరుగు పెట్టమంటారా అన్నాను.
పెడితే ఉన్న గుర్తులు కూడా కరుగుతాయి.
"వద్దు. ఎక్కడ కోస్తారు?"
లంగరుకి ఎదురుగా, ముద్ర లేని చోట.

సన్నరంపం ఆనించబోయి ఆగాను.
అక్కడ అప్పటికే ఒక అతుకు ఉంది,
వెంట్రుకంత.
కార్ఖానాలో కొట్టిన ఉంగరానికి
అతుకు ఉండదు.
ఎవరో కోశారు, వేలికి సరిచేశారు,
నేను ఈ వయసులో కూడా వెయ్యలేనంత
శుభ్రంగా కలిపారు,
గుర్తుల్లో ఒక్కదానికీ మంట తగలనివ్వకుండా.

రంపం పక్కన పెట్టాను.
కటకం మళ్ళీ ఆవిడకిచ్చాను.