ముందు నిలబడే 'అని'

సోహార్‌లో రాత్రి రెండున్నర.
సముద్రంలోంచి ఉప్పు తీసేసే ప్లాంటులో
మూడో నంబరు పంపు
చెవి దగ్గర దోమలా పాడుతోంది.
నేను ఎడిటర్‌లో ఒక మీటకి పని నేర్పుతున్నాను:
ఎఫ్-ఐదు నొక్కితే
తేదీ పడాలి, టైము పడాలి, లైను కిందికి దిగాలి,
ఫైలు తనంతట తనే సేవ్ అవ్వాలి.
గంటగంటకీ అదే కొట్టీ కొట్టీ
వేళ్లు అరిగాయి గాని గంటలు అరగలేదు.

చిక్కంతా ఎస్కేప్ దగ్గర.
రాద్దామని నొక్కితే అది రాయబడదు,
జరిగిపోతుంది.
వాక్యం మధ్యలో తలుపు తీసి
నన్నే బయట నిలబెడుతుంది.
ఎంటరూ అంతే,
సగం ఉడికిన కూర వడ్డించే తొందర దానిది.

మొదట మోసం చేయబోయాను.
గొడుగు గుర్తు ఒకటి, పక్కన తెరిచిన బ్రాకెట్ ఒకటి
చేత్తో వేశాను.
చూడ్డానికి అచ్చం అదే.
ఎఫ్-ఐదు నొక్కితే లాగ్‌లో ఆ రెండు గుర్తులూ
పిచ్చివాళ్లలా వచ్చి నిలబడ్డాయి.

పాత మాన్యువల్లో ఒక పేజీ అడుగున,
ఎవరిదో టీ మరక కింద దొరికింది:
ముందు కంట్రోల్ వి, తర్వాత ఎస్కేప్.
(విండోస్ డబ్బాల్లో వి కాదు, క్యూ.
ఊరు మారితే కాపలావాడి పేరు మారుతుంది.)
నొక్కాను.
నేనెక్కడికీ పోలేదు.
నీలం రంగులో ^[ వచ్చి కూర్చుంది,
కర్సర్ దాన్ని ఒక్క అంగలో దాటింది.
పులే అది. నిద్రపోతోంది.
ఎఫ్-ఐదు లేపితే లేస్తుంది.

మాపు గోడకానించి
లింబాద్రి సులేమానీ తెచ్చాడు. కోరుట్ల మనిషి.
"ఏం జేస్తున్నవ్ సారూ, ఒక్కనివే నవ్వుతున్నవ్?"
చెప్పాను. తెరను చూశాడు, నన్ను చూశాడు.
"అంటే మన 'అని' లెక్కనా?
'పో అని అన్నడు' అంటే నువ్వు లేశి పోవు గదా.
నేను జెప్తున్న, నువ్వు ఇంటున్నవ్."

పదకొండేళ్లుగా యంత్రాలతో మాట్లాడుతున్నాను,
పుట్టినప్పటి నుంచీ 'అని'తో.
ఈ రెంటినీ ఒక్క చోట కూర్చోబెట్టడం
నాకు తట్టనే లేదు.
పో, రా, దిగు, ఎత్తు,
ఏ మాటకైనా వెనక 'అని' వచ్చి నిలబడగానే
కోర లోపలికి పోతుంది.
మనకి కాపలావాడు వెనక.
దీనికి ముందు.

టీ చల్లారింది. లింబాద్రి కప్పు తీయలేదు.
"క్యాంప్ బాసు ఖలాస్ అన్నడు సారూ.
బేస్తవారం ఎగ్జిట్ కొడ్తడట."
నేల తడిగా ఉంది, చూసి నడువు
అన్నట్టే చెప్పాడు.
నా దాకా వచ్చేసరికి ఆ మాట వెనక
'అన్నడు' ఉంది. నేను వినగలిగాను.
నిన్న నాలుగింటికి గేటు దగ్గర
అతని చెవిన పడ్డప్పుడు
దానికి ముందూ ఏమీ లేదు, వెనకా ఏమీ లేదు.

ఏం అనాలో తెలీక
కుర్చీ పక్కకి జరిపాను.
మూలనున్న మీట మీద వేలు పెట్టాడు,
బ్లీచింగ్‌కి తెల్లబడిన గోరు.
"గిది ఒత్తితే ఏమైతది?"
ఆగమన్నాను.
ముందు నేను కంట్రోల్ వి నొక్కి వదిలాను.
ఇప్పుడు ఒత్తు.
ఒత్తాడు.
ఇంకో నీలం గుర్తు.
"ఏం గాలే!" అన్నాడు,
మళ్లీ ఒత్తకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పొద్దున డ్యూటీకొచ్చిన హైథమ్
మూడు గంటల వరుసలో, అరవై రెండు బార్ పక్కన
ఈ చెత్తేంటని అడిగాడు.
తుడిచేస్తానన్నాను.
బేస్తవారం దాటింది.
ఆ వరుస దగ్గరికి వచ్చినప్పుడల్లా కర్సర్
ఒక్క అంగ ఎక్కువ వేస్తుంది.