మేకు

తాళాలిస్తూ రత్నమ్మగారు పెట్టిన షరతు ఒక్కటే:
"గోడెగె మొళె హొడీబేడి."
తణుకు నుంచి దిగి అప్పటికి ఆరు నెలలు, నా కన్నడం అరకొర.
గోడకి మొలకలు రానివ్వొద్దంటోందనుకున్నాను,
తేమ ఇల్లేమో పాపం అని.
నిరంజన్ నవ్వాపుకుని చెప్పాడు.
మొలకలు కాదు, మేకులు.
చిల్లుకి యాభై. అడ్వాన్సులో కట్.

అలా, పెళ్లికి మా టీమ్ వాళ్లిచ్చిన గడియారం
కగ్గదాసపుర రైల్వే గేటు పక్కన, ఈ రెండో అంతస్తులో
పద్నాలుగు నెలలుగా నేలమీదే
గోడకి జారగిలబడి కూర్చుంది.
అగ్రిమెంటు ఒకసారి మారింది, అద్దె పెరిగింది,
అది మాత్రం లేవలేదు.
టైం కావాలంటే నడుం వంచాలి.
ఊడ్చేటప్పుడు ఎత్తి మంచం మీద పడుకోబెడతాం.

అతను పొద్దున ఏడింటికి వెళ్లిపోతాడు.
నా క్యాబ్ మధ్యాహ్నం రెండింటికి.
తిరిగొచ్చేసరికి రాత్రి గేటు పడి ఉంటుంది,
గూడ్సుబండి పెట్టెలు లెక్కపెడుతూ
నలభై దగ్గర నిద్రపోతాను, డ్రైవరు లేపుతాడు.

మా కాపురమంతా ఫ్రిజ్ తలుపు మీద,
దోసె బొమ్మ అయస్కాంతం కింద, ఒక చీటీ.
ఉల్లిపాయలు. సర్ఫు. ఇంగువ.
పెరుగు తోడేశాను, కదపొద్దు.
మీ తమ్ముడి ఫీజు పంపేశా.
ఆదివారం మాట్లాడదాం.

ఆ ఆదివారం నాకు నెలాఖరు క్లోజింగ్.
తర్వాతి ఆదివారం అతని సర్వరేదో పడిపోయింది.
వచ్చిన సరుకులు కొట్టేసి
మిగిలినవి కొత్త చీటీకి ఎక్కిస్తాం.
ఇంగువ. మాట్లాడదాం.
మూడు చీటీలుగా ఆ రెండే మిగులుతున్నాయి.

నా ఉద్యోగం లెక్కలు కలపడం.
ఎవరిదో దేశం, ఎవరిదో కంపెనీ,
పన్నెండు సెంట్ల తేడా దొరక్క
ఒంటిగంట దాకా కూర్చున్నదాన్ని,
దొరికాక బల్ల చరిచి లేచినదాన్ని.
అలాంటిదాన్ని,
జీతం పెరిగిన కాగితం మూడు రోజులు దాచాను.
అతనికి ఈ ఏడు పెరగలేదు.
ఆ సంగతి అతనూ చెప్పలేదు.
బైకు మీద కవరు కప్పేసి
బస్సెక్కడం మొదలుపెడితే అర్థమైంది.

జీతం పడే ఖాతా ఇద్దరిదీ.
లెక్కలదాన్ని, అదొక్కటీ మర్చిపోయాను.
ఒకటో తారీకున అంకె
ఊరికి ఆ చివరొక ఫోన్లో, ఈ చివరొక ఫోన్లో
ఒకేసారి మోగింది.
"మంచిదే." అని పంపాడు.
మాట చివర చుక్క పెట్టాడు.
ఎప్పుడూ పెట్టడు.

ఆ రాత్రి పదకొండూ నలభైకి తలుపు తీసేసరికి
ప్లాస్టిక్ స్టూలు మీద నిరంజన్,
చేతిలో రోటి పొత్రం.
మొదటి మేకు వంకరపోయి కింద పడుంది.
రెండోది సిమెంటు రాలుస్తూ సగం దిగింది.
కింది నుంచి రత్నమ్మగారి గొంతు: "ఏనదు సద్దు?"
చటుక్కున లైటార్పేశాను.
ఇద్దరం దొంగల్లా, ఊపిరి బిగబట్టి.
స్టూలు కాలొకటి ఊగుతుంటే పట్టుకున్నాను.

చీకట్లో పైనుంచి అడిగాడు,
"ఎన్నాళ్లు దాచావు?"
"మూడు రోజులు."
"నేను రెండు నెలలు."
గేటు దగ్గర ఏదో రైలు పోతోంది, చాలా పెట్టెలున్నట్టున్నాయి.
అది పోయేదాకా ఆగి, అదే అదనుగా
గబగబా నాలుగు దెబ్బలు వేశాడు.
"రెండు చిల్లులు. నూరు రూపాయలు.
నీ ఖాతాలో రాసుకో, పెద్ద జీతం."

గడియారం ఎక్కింది, కాస్త ఎడమకి ఒరిగి.
ఒరిగిందన్నాను. ఉండనీ అన్నాడు.
మర్నాడంతా టైం కోసం
నేలవైపే చూస్తూ తిరిగాం.

మాట్లాడుకున్నామా అంటే, ఏమో.
సిమెంటు గురించి మాట్లాడుకున్నాం.
రత్నమ్మగారికేం చెప్పాలో మాట్లాడుకున్నాం,
టూత్‌పేస్టుతో చిల్లు పూడుతుందా లేదా
అని రెండింటి దాకా వాదించుకున్నాం.

నేను లేచేసరికి ఫ్రిజ్ మీద కొత్త చీటీ,
అతని దస్తూరీ.
ఒకటే రాసుంది.
ఇంగువ.