అరుపు నంబరు నలభై ఒకటి

హనుమంతవాక దాటాక హైవే మోత వెనకబడుతుంది.
ఇంకో మలుపుకి సముద్రం కూడా.
మూడో మలుపులో వాచర్ దాలినాయుడు టార్చి ఆర్పేసి
"ఇక్కడ్నించి సెవుల్తో నడవాల బావూ" అన్నాడు.

మద్దిచెట్టుకి కట్టిన రికార్డరు
నెల్లాళ్ళుగా కంబాలకొండ నిద్రని వింటోంది.
పగలు గదిలో కూచుని
ఆ నిద్రకి పేర్లు పెట్టడం నా ఉద్యోగం.
ఒకటి నుంచి పదకొండు దాకా నక్కలు.
పన్నెండు కొండగొర్రె. మొరుగుతుంది,
కొత్తవాణ్ని కుక్కనని నమ్మిస్తుంది.
ఇరవయ్యోది
ముసలమ్మ నవ్వుతూ నవ్వుతూ ఏడుపు గుర్తొచ్చి ఆగినట్టుండేది
గుడ్లగూబ. నిజంగా గుడ్లగూబే.
ముప్ఫై మూడు దాలినాయుడి గురక.

నలభై ఒకటి దగ్గర ఆగిపోయాను.

రాత్రి రెండూ ఇరవై. వాన వెలిసిన ఆరో నిమిషం.
మొదట లోతుగా, ఖాళీ డ్రమ్ములోకి ఎవరో ఊదినట్టు.
తర్వాత పైకి, ఇంకా పైకి,
ఆ గొంతుకి చివరంటూ లేదేమో అనిపించేదాకా.
తెగింది.
తెగినచోట కప్పలన్నీ నోరు మూసుకున్నాయి.

షిప్‌యార్డులో వెల్డరు, మా బావమరిది ఈశ్వర్రావు
ఫోన్లో విని ఊగిపోయాడు.
"బిగ్‌ఫుట్ బావా! అమెరికా అడవుల్లో ఉంటాడే,
ఒళ్ళంతా జుట్టు, తొమ్మిదడుగులోడు, వాడే!"
ఆ తొమ్మిదడుగులోడు ఇంత దూరం వచ్చి
అడవివరం రోడ్డు దాటుతూ
ఒక్క సిటీ బస్సు డ్రైవరుకైనా కనపడలేదా అంటే
"అందుకే కదా దొరకడు" అన్నాడు.
నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు అడుగు కూడా దొరికింది.
గెడ్డ పక్క బురదలో, నా మోచేతి పొడుగు.
పక్కన పదిరూపాయల బిళ్ళ పెట్టి ఫోటో తీశాను.
నాలుగు తీస్తే మూడు అలుక్కుపోయాయి, చేతులు అలా వణికాయి.
దాలినాయుడు గొంతుక్కూచుని అంచుని వేలితో తడిమి
"ఇది నానే" అన్నాడు.
"నిన్న జారేను. ఇదుగో మడమ, ఇదుగో మల్లీ మడమ.
రెండడుగులు కల్సిపోనాయి."

నాకెందుకో బాధేసింది.
లోపల ఎక్కడో ఒక గది ఊడ్చి
వాడికోసం చాప కూడా పరిచి ఉంచానేమో.

అడుగు సరే, అరుపో?
ఓడ సైరనా అంటే, ఆ రాత్రి హార్బర్లో ఏదీ కదల్లేదట.
హుద్‌హుద్ విరిచిన మానుల తొర్రల్లో గాలా అంటే
ఆకు ఊగలేదు ఆ రాత్రి.
చిరుత రంపం కోసినట్టు దగ్గుతుంది,
ఇంత సాగదీయదు.

దాలినాయుడు బీడీ తీసి, అడివని గుర్తొచ్చి
చెవి సందులో దోపుకున్నాడు.
"తుపానుకి శానా ఎల్లిపోనాయి బావూ, ఏటేటో.
తిరిగొచ్చినవి ఒకదాన్నొకటి పిల్సి లెక్కెట్టుకున్నాయి.
మా శంభువానిపాలెం వోలు కూడా అలగే సేసేరు, పెద్ద గాలి పోనాక.
ఇదొకత్తీ మిగిలిపోనాదేమో.
మావోలెవరైనా ఉన్నారా అని అడుగుతంది."

కాసేపాగి,
"బదులు రాకపోతే గొంతు అలాగే పెద్దదవుతాది."

ఆ రాత్రి మద్దిచెట్టు కింద నేనొక్కణ్నే కూచున్నాను.
రెండూ ఇరవై అయింది. రెండూ నలభై.
దోమలు, దూరంగా ఒక లారీ గేరు మార్చిన చప్పుడు.
అప్పుడు, ఎందుకో చెప్పలేను,
రెండు చేతులూ దోసిలి చేసి నోటికి పెట్టుకుని
పొట్టలోంచి ఊదాను.
బాగా రాలేదు. పైకి వెళుతూ సిగ్గుతో మధ్యలోనే తెగింది.

కప్పలు నోరు మూసుకున్నాయి.

పొద్దున్న గదిలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని
నలభై రెండుని మూడుసార్లు విన్నాను.
జంతువు పేరు రాసే గడిలో
చాలాసేపు పెన్ను ఆనించి ఉంచాను. సిరా చుక్క కట్టింది.

"గుర్తు తెలియనిది" అని రాశాను.
అబద్ధం రాసినట్టు అనిపించలేదు.