నిరుటి డైరీ

షావుకారు డైరీ పంపించాడు.
నల్ల అట్ట, బంగారు అక్షరాల్లో కొట్టు పేరు,
మూలన మిరపకాయ బొమ్మ.
ఇంటికొచ్చి తెరిస్తే నిరుటిది.
మిగిలిపోయినవి గుమాస్తా మాకు పంచాడన్నమాట,
తొడిమలు తీసేవాళ్లు తారీఖులు చూస్తారా అని.

పారేయబుద్ధి కాలేదు.
కాగితం మంచిది, సిరా అవతలికి ఊరదు.
ఒక్క రోజేగా తేడా.
బుధవారం కొట్టేసి గురువారం,
గురువారం కొట్టేసి శుక్రవారం,
చర్చికి బయల్దేరేలోపు
ఫిబ్రవరి పన్నెండు దాకా దిద్దాను.
ఆదివారాలకి సగం పేజీయే ఇచ్చాడు మహానుభావుడు.
ఇప్పుడవన్నీ సోమవారాలయ్యాయి.
సోమవారం నిజంగా అంతే ఉంటే ఎంత బాగుణ్ణు.

అర్ధరాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీశాను.
అక్షరాలు చీమల బారు.
పక్కనున్న ఏస్తేరు చదవబోతే వద్దన్నాను,
జోడు కొనుక్కున్నాక నేనే చదువుకుంటానని.
అలా మొదటి పేజీలో మొదటి మాట పడింది:
కళ్లజోడు.

రెండో మాటకి చెయ్యి ఆడలేదు.
పందొమ్మిదేళ్లు.
యార్డులో కొన్నాళ్లు, ఏటుకూరు రోడ్డు గోడౌన్లలో కొన్నాళ్లు,
కూర్చుంటే ఎరుపు, తుమ్మితే ఎరుపు.
కొబ్బరినూనె పట్టించినా, మజ్జిగలో ముంచినా
దీపాలార్పాక వేళ్లలో మంట లేచి కూర్చునేది.
షారోను పసిదిగా ఉన్నప్పుడు
మోచేతుల మీదే ఎత్తుకునేదాన్ని.
దాని కంట్లో నలక పడితే
పక్కింటి మస్తానమ్మని కేకేసేదాన్ని.
తల్లి వేలు తగిలితే ఏడ్చే పిల్ల
లోకంలో నాకొక్కదానికే పుట్టిందనుకున్నాను.
మా వరసలో కూర్చున్న అందరికీ పుట్టిందని
చాలా రోజులకి తెలిసింది.

రాశాను: కొత్తపేట, ఆస్పత్రి, ఆయా పని.
పసికందులకి నీళ్లు పోయాలి.
వచ్చేది ఇప్పటికంటే పదిహేనొందలు తక్కువ.
మేస్త్రీ కోటయ్య నోట్లో పుల్ల తీయకుండానే నవ్వాడు.
కొత్త కాయ దిగే వేళకి మానేస్తావా,
టిక్కీలు గేటు దాకా ఉన్నాయి,
నీకిదేం పోయేకాలమే అన్నాడు.
పోయేకాలమే.
పోవాల్సిన కాలం కూడా.

మూడోది రాసి కొట్టేశాను. అదేంటో చెప్పను.
నాలుగోది: మరిదికి అప్పివ్వకూడదు.
జనవరి మూడున ఐదొందలిచ్చాను.
శనివారం. దిద్దిన శనివారమే.

ఐదో తారీఖు, సగం పేజీ సోమవారం.
సంగడిగుంటలో ఆటో ఎక్కి
రెండు వీధుల ముందే దిగి నడిచాను.
నర్సు ఓ బిడ్డని నా చేతుల్లో పెట్టబోయింది.
ఒక్క నిమిషం తల్లీ అన్నాను.
కుళాయి దగ్గర మూడుసార్లు సబ్బేసి కడిగాను.
ఎవరూ చూడకుండా
చూపుడువేలు నా కంటి కొసకి ఆనించుకున్నాను.
ఆగాను.
నీళ్లు తిరిగాయి.
అవి మంటవో కావో తేలలేదు.
ఎడంచేత్తో ఇంకో కంటికి చూసుకున్నాను.

ముందురోజు రాత్రి పుట్టిందట.
పేరింకా లేదు, మణికట్టుకి ఓ అంకె.
గోరువెచ్చని నీళ్లు పోయగానే
గుక్కపట్టింది.
చేతులు వెనక్కి లాక్కున్నాను.
నీళ్లకి అందరు పిల్లలూ ఏడుస్తారులే అంది నర్సు.
నమ్మాను.
పూర్తిగా కాదు గానీ, నమ్మి
మళ్లీ చేతులు చాచాను.

రాత్రి రాయబోతే సగం పేజీ చాల్లేదు.
అంచుల్లోకి, మిరపకాయ బొమ్మ చుట్టూ రాశాను.
వేళ్లకి పసిపిల్లల సబ్బు వాసన.
జీతం రాగానే జోడు. అందాకా
వాగ్దానం దిండు కిందే ఉంటుంది.
ఫిబ్రవరి పదమూడు నుంచి
రోజులన్నీ ఇంకా నిరుటివే.
దిద్దాలి.