మిగిలిన ముప్పై ఏడు

ఆదివారం సాయంత్రం మూడంతస్తులెక్కి
ఆయాసం తీరాక మొదటి మాట నేనే అడిగాను:
"నేల ఎవరిదండీ?"

మాణిక్యాంబ గారు నవ్వింది.
"గోడలు నావి, గచ్చు నాది,
కిటికీ చువ్వలకి పట్టిన తుప్పూ నాదే.
కింద నేల మాత్రం సత్రం వాళ్లది.
డెబ్భై ఏళ్ల కౌలు. ముప్పై మూడు అయిపోయాయి."

మిగిలింది ముప్పై ఏడు.
నాకిప్పుడు యాభై రెండు.
లేసు పువ్వుకి గొలుసుకుట్లు లెక్కపెట్టే వేళ్లు
కొంగు చాటున వాటంతటవే కూడేశాయి:
ఎనభై తొమ్మిది.
మా ఇంట్లో ఆ అంకె ఎవరూ చూళ్లేదు.

పదకొండు లక్షలు చెబుతోంది.
వీధి చివర కొత్తదానిలో ఇదే కొలతకి ముప్పై నాలుగు.
అక్కడ లిఫ్టు ఉంది, నేలలో వాటా ఉంది,
చేపల చెరువు పూడ్చి కట్టారన్న మాటా ఉంది.
ఇక్కడ బోరు నీళ్లు ఉప్పన.
వంటింటి కప్పులో ఒక మచ్చ,
ఈనిన గేదె పడుకున్నట్టు.
"అదా, పాతది" అంది ఆవిడ, అటు చూడకుండా.

బాల్కనీ సంగతి నేను పైకి అనలేదు.
అంటే ధర పెరుగుతుంది.
వశిష్ఠ గోదారి వెడల్పంతా అందులో పడుతుంది.
మా ఆయన టిక్కెట్లు కోసే పంటు
సఖినేటిపల్లి రేవులో కదలడం చూసి
అప్పుడు బియ్యం పొయ్యి మీద పెట్టొచ్చు.

బ్యాంకులో కుర్రాడు కాగితాలు తిప్పి తిప్పి
"ఇలాంటివాటికి లోను రాదమ్మా" అన్నాడు.
నా దగ్గరున్నవి ఎనిమిది. మూడు ఎక్కణ్ణించి తేను?
మా తోడికోడలు ఝాన్సీ అయితే,
"రేపు అమ్మాలంటే ఎవడు కొంటాడే?
ఏటేటా కరిగే బెల్లం అచ్చు అది."
నిజమే.
కరిగేది మన నోట్లోనే అయితేనో?

రాత్రి అన్నం కలుపుతూ మా ఆయన:
"పంటు పాటా ఏడాదికేగా.
రేవు మనది కాదు, ఏరు మనది కాదు,
ఇరవై ఆరేళ్లుగా జనాన్ని దాటిస్తున్నామా లేదా?"
ఆయనకి అన్నీ తేలికే.
తేలేదాని మీద పని చేసే మనిషి.

నేను క్యాలెండరు వెనక వేశాను.
పదకొండు లక్షల్ని ముప్పై ఏడేళ్లకి పంచి
నెలలుగా విడగొడితే
నెలకి రెండు వేల అయిదొందల లోపే.
ఇప్పుడు కట్టే అద్దె నాలుగున్నర వేలు,
పైగా మేకు కొట్టాలంటే ఇంటాయన్ని అడగాలి.
దీనికి సత్రం నేలపన్ను కలపాలి,
ట్యాంకు మరమ్మతు, సున్నం,
కోర్టులో కొట్టుకుంటున్న ముగ్గురు ట్రస్టీలు,
పేరు మార్చడానికి వాళ్లడిగేది ఎంతో
ఎవరికీ తెలీదు.
ఇక్కడే కుట్టు తప్పుతోంది.
విప్పి మళ్లీ అల్లుతున్నాను.

"కౌలు చేలో కొబ్బరి పెట్టకూడదు" అనేవాడు నాన్న.
బతికినన్నాళ్లూ లంకలో పొగాకూ మిరపా,
ఏడు తిరిగేలోపు చేతికొచ్చేవే వేశాడు.
ఆ లంక ఆసామి ఇంట్లో పట్టా ఇప్పటికీ ఉంది,
ఎర్రగుడ్డలో చుట్టి, బీరువాలో.
లంకే లేదు. రెండు వరదల్లో కోసుకుపోయింది.
ఆ సర్వే నంబరులో ఇప్పుడు పులసలు తిరుగుతాయి.

ఇది చెబితే ఝాన్సీ,
"అయితే ఏంటి, కొనేస్తావా?" అంది.
ఏమో.
పట్టా ఉన్నవాడు మునిగాడని
కౌలుదారు గట్టెక్కినట్టు కాదుగా.
నాన్నా మునిగాడు.

ఆషాఢం వచ్చిన మూడోనాటి రాత్రి
అంతర్వేది వైపు నుంచి లేచింది వాన.
గొడుగు, టార్చి, ఒక స్టీలు గిన్నె పట్టుకెళ్లి
మాణిక్యాంబ గారి తలుపు కొట్టాను.
"ఈ వేళప్పుడా?"
"ఈ వేళప్పుడే చూడాలండి కప్పుని."

లైటు వేయనివ్వలేదు.
గేదె కింద గిన్నె పెట్టి
చెరో పీటా వేసుకుని కూర్చున్నాం.
మెట్లు తన మోకాళ్లని ఎలా తినేశాయో
ఆవిడ చెబుతోంది, నేను ఊ కొడుతున్నాను,
ఇద్దరి చెవులూ గిన్నె మీదే.
పది నిమిషాలు. పదిహేను.

టప్.

"ఒకటి" అన్నాను.

కాసేపు వాన చప్పుడే.
తర్వాత చీకట్లోంచి ఆవిడ:
"పదిన్నరకిస్తాలే."