కొసరు

వాల్పరైసో కొండ మీద మా ఇల్లు.
రేవు నుంచి నూటా అరవై రెండు మెట్లు.
నాలుగేళ్లు వాటి మీద కాలు పెట్టలేదు నేను.
కొండ లిఫ్టు పాడైతే
చెల్లెలింట్లోనే పడుకునేదాన్ని.

ఇరవై ఏళ్లు రొట్టెల దుకాణంలో చేశాను.
డజను కొన్నవాళ్లకి ఒకటి కొసరు వేసేదాన్ని.
ప్రతి పళ్లెంలోంచీ నాకూ ఒకటి వేసుకునేదాన్ని.
దాన్ని తిండి కింద లెక్కపెట్టలేదెప్పుడూ.

డాక్టరమ్మ కోసి, కుట్టి పంపాక
నా కడుపిప్పుడు కాఫీ కప్పంత.
ముందు గుడ్డు, తర్వాత చిక్కుడు గింజలు,
చోటు మిగిలితే రొట్టె. మిగలదు.
నీళ్లు అరగంట ఆగి, గుక్కెడు గుక్కెడు.
ఒక్క చేపముక్క నమిలేలోగా
ఎదురుగా ఎవారిస్తో రెండుసార్లు ఆవులిస్తాడు.

ఆకలి పోయిందిగా, అంటారందరూ.
కడుపుది పోయింది.
చేతులది పోలేదు.
తెల్లవారుజామున నాలుగింటికి, పిండి పొంగే వేళకి,
వేళ్లు వాటంతటవే మూసుకుని తెరుచుకుంటాయి.

అప్పుడు బూట్లు తొడుక్కుంటాను.
మొదటి వారం పదకొండు మెట్లు దిగి
పదకొండూ ఎక్కాను, గోడ పట్టుకుని.
నలభయ్యో మెట్టు మీది కుక్క
అప్పట్లో మొరిగేది.
ఇప్పుడు మొరగదు, తోకా ఊపదు,
కాస్త పక్కకి జరుగుతుంది, అంతే.

ఇవాళ రేవుదాకా దిగి
మొత్తం ఎక్కి వచ్చాను.
ఓడలింకా దీపాలు ఆర్పలేదు.
చొక్కా వీపుకి అంటుకుపోయింది.
తాళంచెవి తలుపులో పెట్టి
మళ్లీ తీసి
ఏడు మెట్లు దిగి, ఎక్కాను.

ఎవరూ అడగలేదు.
చేతికున్న అలవాటు
కాలికొచ్చినట్టుంది.